పెనుకొండకు వచ్చిపోయిన పక్షులు

సీస్తాన్ ఎక్కడ, పెనుకొండ ఎక్కడ! ఒకటి ఇరాన్ తూర్పు కొసన, అఫ్ఘన్ సరిహద్దులో, ఇసుకగాలి కొట్టే నేల. రెండోది మన కరువు పీఠభూమి మీద, ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మహాభాగ్యం అనుకునే నేల. అయినా ఈ రెంటినీ కలిపిన దారి ఒకటుంది. బాబయ్య దర్గా అని జిల్లా అంతా పిలుచుకునే చోట సమాధి అయిన బాబా ఫక్రుద్దీన్ సీస్తాన్ రాజవంశీకుడని, గద్దె వదిలేసి ఫకీరై దక్షిణాదికి వచ్చాడని భక్తులు చెప్పుకుంటారు. 13వ శతాబ్ది నాటి మాట. తిరుచిరాపల్లిలో నాథర్ వలీకి శిష్యుడయ్యాడు. గురువు ఒక ఎండు పుల్ల చేతిలో పెట్టి, రాత్రి బస చేసిన చోటల్లా దీన్ని నాటు, ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపో అన్నాడట. అది పెనుకొండలో చిగురించింది. వాన కోసం కప్పలకూ గాడిదలకూ పెళ్ళి చేసే సీమలో ఎండు పుల్ల చిగురు వేసిందని కథ అల్లిన వాడెవరో గాని, వాడికి దండం పెట్టాలి.

ఆ సీస్తాన్‌కు పారశీక పురాణంలో ఒక పక్షి తోడు ఉంది. ఫిరదౌసి 1010లో ముగించిన షానామాలో సీస్తాన్ దొర సామ్‌కు తల నెరిసిన బిడ్డ పుడతాడు. పుట్టుకతోనే తెల్లజుట్టు ఏమిటని జనం నవ్వుతారని భయపడి తండ్రి ఆ పసివాణ్ణి అల్బుర్జ్ కొండ కింద వదిలేయిస్తాడు. కొండ మీద గూడు కట్టుకున్న సీమూర్గ్ తన పిల్లలకు మేతగా ఎత్తుకుపోయి, గూట్లో దించాక జాలిపడి పెంచుకుంటుంది. ఆ బిడ్డే జాల్. పెద్దయ్యాక తండ్రి వచ్చి తీసుకుపోయేటప్పుడు పక్షి తన ఈకను ఇచ్చి, ఆపద వస్తే దీన్ని కాల్చు, వస్తానంటుంది. భార్య రూదాబా కాన్పు కష్టమైనప్పుడు జాల్ ఆ ఈక కాలుస్తాడు. పక్షి వచ్చి కడుపు కోసి బిడ్డను ఎలా తీయాలో, గాయాన్ని ఏ మూలికతో మాన్పాలో చెబుతుంది. అలా పుట్టినవాడే రుస్తుం. ముసలితనంలో రుస్తుం ఇరాన్ యువరాజు ఇస్ఫందియార్ బాణాలకు ఒళ్ళంతా తూట్లు పడి ఇంటికి వస్తే మళ్ళీ ఈక కాలింది, మళ్ళీ పక్షి వచ్చింది.

షానామాకు చాలా ముందే పారశీకుల పాత మతగ్రంథం అవెస్తాలో ఈ పక్షి పూర్వీకులు ఉన్నారు. అన్ని విత్తనాలూ కాసే మహావృక్షం మీద కూర్చునే సయేన అందులో ఒకటి. మన వేదంలో సోమాన్ని ఎత్తుకొచ్చిన శ్యేనానికి అది దగ్గరి చుట్టం. ఇంకొకటి వారఘ్న అనే డేగ. రాజకీయం తెలిసిన వాళ్ళకు నచ్చేది ఈ రెండో పక్షే. ఇరాన్ రాజుల తల చుట్టూ ఫర్ అనే తేజస్సు ఉంటుంది. అది ఉన్నంతకాలమే రాజు. యిమ అనే ఆదిమ రాజు (తర్వాతి కాలంలో జంషీద్ అన్నది ఇతన్నే) అబద్ధమాడిన మరుక్షణం ఆ తేజస్సు వారఘ్న రూపంలో లేచి ఎగిరిపోయిందని అవెస్తాలోని జమ్యాద్ యష్త్ చెబుతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు ఎగిరింది. ఎన్నికలూ కోర్టులూ లేని కాలంలో ఒక అబద్ధానికి గద్దె దింపేసే పక్షిని ఊహించుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళు.

రాజులు దాన్ని తమ జెండాకు ఎక్కించుకోవడం సహజమే. రెక్కలు చాచిన బంగారు గద్దను ఈటె కొసన నిలిపి పారశీక చక్రవర్తి యుద్ధానికి వెళ్ళేవాడని గ్రీకు రచయిత జెనోఫన్ రాశాడు. ఆ గద్దనే తర్వాతివాళ్ళు షాబాజ్ అన్నారు. సాసానీ రాజుల పట్టువస్త్రాల మీద కుక్క తల, నెమలి తోక కలిసిన పక్షిజంతువు కనిపిస్తుంది. సూఫీ కవి అత్తార్ 12వ శతాబ్దిలో సీమూర్గ్‌ను వెతుక్కుంటూ పక్షులన్నిటినీ ఏడు లోయలు దాటించాడు. చివరికి మిగిలిన ముప్పై పక్షులకు కనిపించింది తమ రూపమే. ఆ దారి ఫకీర్లది.

రాజులకు కావలసింది వేరే పక్షి. దాని పేరు హుమా. ఎవరి తల మీద దాని నీడ పడితే వాడు రాజవుతాడు. మొగల్ చక్రవర్తి హుమాయూన్ పేరులో ఉన్న అదృష్టం ఈ పక్షిదే. విచిత్రమేమంటే ఈ రాజపక్షి ఎవరినీ వేటాడదు, ఎముకలు తిని బతుకుతుందని పారశీక కవులు మెచ్చుకున్నారు. అందులో కల్పన తక్కువే. గడ్డం రాబందు అనే నిజమైన పక్షి ఇరాన్ కొండల్లోనూ హిమాలయాల్లోనూ ఉంది. పెద్ద ఎముకను పైకి ఎత్తుకుపోయి బండ మీద జారవిడిచి, పగిలిన ముక్కలను మింగి అరిగించుకుంటుంది. మన దక్కనుకు అది ఎప్పుడూ రాదు. వచ్చినా అనంతపురంలో దాని నీడకు వేరే విలువ కట్టేవాళ్ళు. ఏప్రిల్ ఎండలో నీడ దొరకడమే ఇక్కడ రాజ్యం.

పక్షి రాకపోయినా పక్షిని నమ్మే నాగరికత మాత్రం వచ్చింది. 1443లో హెరాత్ నుంచి అక్కడి పాలకుడు షారుఖ్ రాయబారిగా అబ్దుర్ రజాక్ విజయనగరం చేరి రెండో దేవరాయల కొలువు చూశాడు. ఆ కొలువులో పారశీకపు మోజు ఎంత ఉండేదో తెలుసుకోవాలంటే హంపీ దాకా పోనక్కర్లేదు, లేపాక్షిలో తలెత్తి చూస్తే చాలు. వీరభద్రాలయం మండపం కప్పు మీద కొలువు మగవాళ్ళు వరసగా నిలబడి ఉంటారు. ఒంటి మీద కాళ్ళ దాకా దిగిన పొడుగు అంగీ. నెత్తిన మూరెడు ఎత్తున, కొన తిరిగి, జరీ మెరిసే టోపీ. దాన్నే మనవాళ్ళు కుళ్ళాయి అన్నారు. పారశీకుల కులాహ్ అది. కర్ణాట రాజు కొలువుకు వెళ్ళి ఆ కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని వాపోయిన చాటుపద్యం శ్రీనాథుడిదే అంటారు. కవిసార్వభౌముడికి ఎబ్బెట్టుగా తోచిన ఆ టోపీ, వందేళ్ళు తిరిగేసరికి లేపాక్షి కప్పు మీద దేవుడి ఎదుట చేతులు జోడించి నిలబడింది.

డేగ కూడా ఊరికే లేదు. సాళువ అంటే వేటడేగ. ఆ పేరే ఇంటిపేరుగా పెట్టుకున్న వంశం నుంచి వచ్చిన నరసింహరాయలు 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. ఇరాన్‌లో గద్ద జెండా మీద కూర్చుంటే ఇక్కడ రాజు పేరులోనే కూర్చుంది. కానీ ఈ పీఠభూమి మీద రాజముద్రగా గట్టిగా నిలిచింది గండభేరుండం.

రెండు తలల ఈ పక్షి విజయనగరం వాళ్ళు కనిపెట్టింది కాదు. తక్షశిలలోని ఒక స్తూపం మీద రెండు తలల గద్ద ఉంది. షిమోగా దగ్గర బళ్ళిగావిలో 1047లో నిలబెట్టిన స్తంభం మీద మనిషి ఒంటితో గండభేరుండం ఉంది. పంచతంత్రంలో ఒక కడుపు, రెండు తలలున్న భారుండ పక్షి కథ పిల్లలకు కూడా తెలుసు: ఒక తలకు అమృతఫలం దొరికి పంచుకోకపోతే రెండో తల కోపంతో విషపుకాయ తిని ఇద్దరినీ చంపుతుంది. మన జానపద సినిమాల్లో వీరుణ్ణి వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలు దాటించే పక్షి కూడా ఇదే. సీమూర్గ్‌కు ఇది తెలుగు దేశపు బదులు అనుకుంటే తప్పులేదు.

అచ్యుతదేవరాయలు (1529–1542) దీన్ని బంగారు నాణెం మీద వేయించాడు. వరహా బరువు మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ. చిటికెన వేలి గోరు కంటే కొంచెం పెద్దది. అంత చిన్న జాగాలో టంకసాల పనివాడు చేసిన పని చూడాలి. పక్షి ఎదురుగా నిలబడి ఉంది. రెండు తలలు చెరో పక్కకు తిరిగాయి. ముక్కుల్లో ఏనుగులు, గోళ్ళలో ఏనుగులు. ఏనుగంటే ఎంతో తెలిసిన దేశంలో ఏనుగును ఎలుకపిల్లలా వేలాడదీశాడు. వెనక్కి తిప్పితే నాగరి లిపిలో శ్రీప్రతాపాచ్యుతరాయ అని మూడు వరసలు. అన్న కృష్ణరాయలు ఒరిస్సా గజపతిని ఓడించి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ నాణెం చేతిలో పడిన వర్తకుడికి ఏనుగులను చూస్తే గజపతులు గుర్తుకు రాకుండా ఉండరు.

ఇక్కడొక చమత్కారం. శివుడు శరభ రూపమెత్తి నరసింహుణ్ణి అణిచాడని శైవులు చెబితే, విష్ణువు గండభేరుండమై ఆ శరభాన్ని చీల్చాడని వైష్ణవులు తిరగబెట్టారు. శైవుల కథలో నరసింహుడి మీదికి వెళ్ళినవాడు వీరభద్రుడు. అచ్యుతరాయలు తిరుపతి వెంకన్నకు పరమభక్తుడు, గండభేరుండం వేయించాడు. అదే ఏళ్ళలో ఆయన ఉద్యోగులైన విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు లేపాక్షిలో కూర్మశైలం మీద వీరభద్రుడికి గుడి కట్టించారు. పక్షి ముద్రించిన వరహాలతోనే ఆ పక్షికి శత్రువైన దేవుడి గుడికి కూలి ఇచ్చి ఉంటారు. ఎవరూ ఎవరి మీదా పడి పొడుచుకోలేదు. తాడిపత్రిలో చింతల వెంకటరమణస్వామి గుడి ముందు గరుత్మంతుడికి రాతిరథం లాంటి మండపం కట్టారు, దాని పక్క వీధుల్లో బుగ్గ రామలింగేశ్వరుడు ఉన్నాడు.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. సీస్తాన్ ఫకీరు సమాధి ఉన్న ఊళ్ళోనే రాయల గగనమహలు. ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి తరలింది. గండభేరుండం కూడా కాళ్ళకింద నేల మారిన సంగతి పసిగట్టినట్టుంది. 1610లో శ్రీరంగపట్నాన్ని రాయల ప్రతినిధి నుంచి పట్టుకున్న మైసూరు వడయార్లు కాలక్రమంలో ఆ పక్షిని తమ ముద్ర చేసుకున్నారు. ఇప్పుడది కర్ణాటక ప్రభుత్వ చిహ్నం. హిందూపురం దాటి ఆ పక్క అడుగుపెడితే ఏ సర్కారు కాగితం మీదైనా కనిపిస్తుంది. మనం మాత్రం 2018లో రామచిలుకను రాష్ట్రపక్షి చేసుకున్నాం. తెలంగాణ పాలపిట్టతో సరిపెట్టుకుంది. కోపంగా చూసే పక్షి మన రెండు రాష్ట్రాలకూ లేకుండా పోయింది.

పారశీక రాజపక్షి నీడ నిజంగా ఈ నేల మీద పడింది మాత్రం 18వ శతాబ్దిలో. లేపాక్షి దగ్గర జాతీయ రహదారి ఎక్కి బెంగళూరు వైపు వెళ్తే దేవనహళ్ళి వస్తుంది. టిప్పు పుట్టింది అక్కడే. తండ్రి హైదర్ ఈ సీమలో కోట తర్వాత కోట పట్టుకుంటూ గుత్తి మీదికి వచ్చాడు. గుత్తి అప్పుడు మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడేది. చదును నేలలో ఒక్కసారిగా లేచి నిలబడిన కొండ, దాని మీద కోట, లోపల అక్కడక్కడా బావులు. నెలల తరబడి ముట్టడి సాగింది. గోడలు పగల్లేదు. నీళ్ళు అయిపోయాయి. 1776లో మురారిరావు లొంగిపోయాడు, కబ్బాలదుర్గంలో ఖైదీగా చనిపోయాడు. ఈ సీమ చరిత్రలో ఫిరంగి చేయలేని పని దాహం చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, గుత్తి వాటిలో పేరు మోసింది.

గుత్తి, పెనుకొండ, రాయదుర్గం, మడకశిర అన్నీ అలా మైసూరు చేతికి వచ్చాయి. టిప్పు కొలువు భాష పారశీకం. తన కలలను కూడా ఆయన పారశీకంలోనే రాసుకున్నాడు. పులి మీద నిలిపిన ఎనిమిది పలకల సింహాసనం చేయించి, దాని పందిరి కొసన హుమాను కూర్చోబెట్టాడు. బంగారు ఒళ్ళు, కెంపులూ పచ్చలూ వజ్రాలూ పొదిగిన రెక్కలు, నెమలిని తలపించే తోక, ముక్కున వేలాడే పచ్చ. ఇంగ్లీషువాళ్ళను తరిమేదాకా ఆ గద్దె ఎక్కనని టిప్పు ఒట్టు పెట్టుకున్నాడని ఒక మాట ఉంది. అదే నిజమైతే హుమా నీడ ఖాళీ గద్దె మీదే పడుతూ వచ్చింది. ఆ పక్షికి రెక్కలు గట్టిగా ఏర్పడ్డ కాలంలోనే, 1792 ఒప్పందంతో, సగం రాజ్యం పోయింది.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. దోపిడి సొమ్ము పంచే అధికారులు సింహాసనాన్ని ముక్కలు చేసి బంగారం పంచుకున్నారు. హుమా ముక్కలు కాకుండా మిగిలి, కంపెనీ కానుకగా మూడో జార్జి దగ్గరికి ఓడెక్కింది. ఇప్పటికీ విండ్సర్ కోటలో రాజుగారి సొత్తు. నీడ పడితే రాజవుతారన్న మాట బ్రిటిష్ వాళ్ళు నమ్మారో లేదో గాని పక్షిని మాత్రం వదల్లేదు. ఇక్కడి నేల మరుసటి ఏడాది నిజాం చేతుల మీదుగా కంపెనీకి దక్కింది. దత్తమండలాలన్నారు. కలెక్టరుగా మన్రో వచ్చి అనంతపురంలో మకాం పెట్టి ఏడేళ్ళు శిస్తు లెక్కలు కట్టాడు. ఆ తర్వాత ఈ సీమకు రాజముద్రల పక్షుల అవసరం లేకుండా పోయింది.

ఇంత చరిత్ర విన్నాక అనంతపురంలో ఎవరినైనా పురాణపక్షి పేరు చెప్పమనండి. సీమూర్గ్ అనరు, హుమా అనరు, గండభేరుండం అనేవాళ్ళు కూడా తక్కువే. జటాయువు అంటారు. రాజ్యాలిచ్చిన పక్షులన్నీ రాజులతోపాటు పోయాయి. ఇక్కడ మిగిలింది ఓడిపోయిన పక్షి. నా మటుకు నాకు ఈ సీమ స్వభావం అంతా ఆ ఎంపికలో కనిపిస్తుంది.

రావణుడు సీతను ఎత్తుకుపోతుంటే అడ్డం పడ్డ ముసలి గద్దరేడు రెక్కలు తెగి పడింది ఇక్కడేనని, రాముడు లే పక్షీ అన్నాడని లేపాక్షి కథ. కేరళలో చడయమంగళం వాళ్ళూ తమ కొండే అంటారు. 2018లో అక్కడ 200 అడుగుల పొడుగున జటాయువు శిల్పం తెరిచారు. ఎవరిది నిజమన్న తగవులో నేను దూరను. లేపాక్షి గుడి ఆవరణలో బండ మీద పెద్ద పాదం గుర్తు ఉంది, దాన్ని సీతమ్మ పాదమంటారు. ఎండాకాలంలో కూడా అందులో తడి ఆరదు. కరువు నేలలో కథ నమ్మించడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఏం కావాలి? దూరంగా గుండు మీద ఈమధ్య కట్టిన జటాయువు బొమ్మ రెక్కలు చాచి అక్కడి పెద్ద రాతి నంది వైపు చూస్తుంటుంది. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఆలయమూ నందీ చేరాక జనం రాక పెరిగింది.

జటాయువునూ సీమూర్గ్‌నూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇస్ఫందియార్ కత్తులు బిగించిన బండిలో కూర్చుని, మీదికి దిగిన సీమూర్గ్‌ను చంపుతాడు. అది జాల్‌ను పెంచిన పక్షి కాదు, ఇంకొకటి. ఇక్కడ జటాయువు రావణుడి రథాన్నే విరిచి, సారథిని చంపి, ఆ తర్వాత కత్తికి దొరుకుతాడు. అక్కడ ఈక కాలిస్తే పక్షి వస్తుంది, గాయం మానుతుంది. ఇక్కడ ఈకలు రాలిపోతాయి, గాయం మానదు. వచ్చేది మనిషి. తండ్రికి చేయలేకపోయిన కర్మ రాముడు ఈ పక్షికి చేస్తాడు. జటాయువు దశరథుడి స్నేహితుడు. గరుత్మంతుడి అన్న అనూరుడి కొడుకు. ఇంత గొప్ప వంశంలో పుట్టినా వాల్మీకి ఆయన్ను గృధ్రరాజనే అన్నాడు. గృధ్రం అంటే రాబందు. శవాలు తినే పక్షికి దహనసంస్కారం!

హుమా కూడా నిజానికి రాబందే, ఇందాక చెప్పుకున్నాం. రెండు నాగరికతలూ వేటగాణ్ణి వదిలేసి, పాడుపక్షి అని ఊరు చీదరించుకునే దాన్ని తీసుకొచ్చి నెత్తిన పెట్టుకున్నాయి. ఊరి మాటలో మాత్రం దానికి గౌరవం లేదు. రాబందుల్లా పీక్కుతింటున్నారని అప్పులవాళ్ళను, ఆఫీసర్లను, నాయకులను తిట్టడానికి తప్ప ఆ పేరు వాడరు. 1876–78 ధాత కరువులో మనుషులూ గొడ్లూ కుప్పలుగా పడిపోయినప్పుడు ఆకాశంలో తిరిగిన రెక్కలు ఈ సీమ జ్ఞాపకంలోకి ఎలా దిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. ఆ కసి భాషలో మిగిలిపోయింది.

కానీ వాటి పని ఊరికి అక్కరకొచ్చేది. గొడ్డు చస్తే తోలు ఒలిచి కళేబరాన్ని ఊరి బయట పడేసేవాళ్ళు. గంటలో రెండు గంటల్లో ఎముకలే మిగిలేవి. 1990ల నుంచి అవి రావడం తగ్గింది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992–2007 మధ్య వెయ్యికి ఒకటి మిగిలాయి. కారణం 2004లో తేలింది: పశువుల నొప్పికి వేసే డైక్లోఫెనాక్. ఆ సూది పడిన గొడ్డు చస్తే, దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై కొద్ది రోజుల్లో పోతుంది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. దాని దారిలోనే నడిచిన అసెక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను 2023లో ఆపారు. ఈ రెండింటి మధ్య చాలా కాలం పట్టింది.

2013లో ఆదిలాబాద్ అడవుల్లో బెజ్జూరు దగ్గర పాలరాపు గుట్ట మీద పొడుగుముక్కు రాబందుల గూళ్ళు కనిపించాయి. మనకు దగ్గర్లో ఉన్నది కర్ణాటకలో రామనగరం కొండలు. షోలే సినిమా తీసిన ఆ బండల్లో మిగిలిన కొద్ది రాబందుల కోసం 2012లో అభయారణ్యం ప్రకటించారు. రాబందు మేత కోసం రోజుకు వంద కిలోమీటర్లు దాటి తిరగగలదు. రామనగరం నుంచి లేపాక్షి దానికి పెద్ద దూరమేమీ కాదు, పెనుకొండ బండలు గూటికి పనికిరానివీ కాదు. పశువుల డాక్టరు సీసాలో రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఉందా, మనుషుల మందుల షాపు నుంచి చాటుగా తెచ్చిన డైక్లోఫెనాక్ ఉందా అన్నదాని మీదే ఆ రాకపోకలు ఆధారపడి ఉన్నాయి.